పైపులో పోసిన పాలు

మొన్న దసరా వెళ్ళాక మా మేనకోడలి కొత్తిల్లు చూద్దామని గన్నవరం అవతలికి వెళ్ళాను. ఇల్లు బాగుంది. నాకంటే ముందు చూసొచ్చినవాళ్ళందరూ చెప్పినట్టే వంటగది చాలా పెద్దది, అందులో వంట చేసేవాళ్ళే లేరు. ఇంటి ముందు కత్తిరించిన పచ్చిక ఉంది. ఆ పచ్చికలో నడివయసు మనిషొకడు గొంతుక్కూర్చుని, చిన్న మరకి రబ్బరు గొట్టం తగిలించి, నేలలో పాతిన పైపుల్లోకి గాలి కొడుతున్నాడు. బుస్సుమంటూ ఓ మూల నుంచి నీళ్ళొచ్చాయి, తర్వాత తుంపర వచ్చింది, ఆ తర్వాత ఉత్త గాలి. లోపలికి రమ్మని పిల్ల పిలుస్తూనే ఉంది కానీ నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి గానీ నోటికి ఏ నొప్పీ లేదు కదా, ఊరుకోలేక అడిగాను. “ఏం చేస్తున్నావయ్యా?” అంటే, “చలికాలం వస్తోంది కదండీ, మంచు పడుద్ది, ఇంక రెండు మూడు నెల్లు వీటితో పన్లేదండీ. నీళ్ళు నిలవుంటే లోపల నాచు పట్టుద్దండీ. గాలి కొట్టేసి మూతలు బిగించేస్తే మళ్ళీ శివరాత్రికి విప్పుకోవచ్చండీ,” అన్నాడు. “మూతులు ఇట్లా తెరిచిపెట్టావు, పాములు దూరవూ?” అన్నాను. అతను నా మొహం కేసి చూసి, నవ్వితే ఏమనుకుంటానో అని ఆగి, చివరికి నవ్వేశాడు. “వేలంత పైపులో పామేంటండీ అమ్మగారూ!” అన్నాడు. మా మేనకోడలు గుమ్మంలోంచే, “మా అత్తకి ప్రతిదానికీ ఓ కథ ఉంటుందిలే,” అంది. కథ ఉంది. ఆ పూట చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది కోడూరు దగ్గర పల్లెటూరు. ఉప్పెన మా ఊరిని ఊడ్చుకుపోయిన మరుసటి ఏడు, ఇక్కడుంటే దీని చదువు గంగలో కలుస్తుందని మా అమ్మ నన్ను గుడివాడలో తన అన్నగారింట్లో దింపింది. మా మావయ్య అక్కడ రైసుమిల్లులో ఫిట్టరు. ఊళ్ళో అందరూ మేస్త్రీ గారనే పిలిచేవారు. ఆయన ఇంట్లోకి అడుగు పెడుతుంటే ముందు తవుడు వాసన వచ్చేది, వెనకాల గ్రీజు వాసన. దేవుణ్ణి నమ్మడు. దేవుడి గదిలోకి బల్బు మార్చడానికి తప్ప వెళ్ళడు. అలాగని ఒకరి భక్తిని వెక్కిరించే మనిషీ కాదు. అత్తయ్య కుంకుమ పూజ చేసుకుంటుంటే వీధిలో సైకిలు బెల్లు కూడా కొట్టేవాడు కాదు, దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. అత్తయ్య పేరు సీతామహాలక్ష్మి. సన్నగా, పొడుగ్గా ఉండేది. పొద్దున్నే కాఫీ గింజలు మరలో తిప్పుతూ నాకు లెక్కలు అప్పజెప్పించుకునేది, ఆవిడకి లెక్కలు రాకపోయినా సరే. “నువ్వు తడబడితే నాకు తెలుస్తుంది అమ్మడూ, గొంతు చెప్పేస్తుంది,” అనేది. నిజంగానే తెలిసిపోయేది. వాళ్ళకి పిల్లల్లేరు. పెళ్ళయి చాలా ఏళ్ళే అయింది. మా ఇళ్ళలో ఆ మాట ఎవరూ అనరు కానీ, ఏ బారసాలకో పిలుపు వస్తే అత్తయ్య కంటే ముందు తక్కినవాళ్ళు మొహాలు దించుకునేవారు. అది ఆవిడకి మరీ కష్టంగా ఉండేది.

ఇంక పచ్చిక సంగతి. మావయ్య ఒకసారి మిల్లు పని మీద ఎక్కడో కాలవ లాకుల దగ్గరికి వెళ్ళి, అక్కడి బంగళా ముందు గడ్డి మీద నీళ్ళు గొడుగులా విచ్చుకుని పడటం చూశాడట. ఇంటికొచ్చి అన్నం తినకుండా కాగితం మీద గీతలు గీశాడట. అత్తయ్య బెండకాయలకీ ఆనపపాదుకీ అట్టేపెట్టుకున్న ముందు జాగా అంతా చదును చేయించి గరిక నాటించేశాడు. “గేదె లేని కొంపలో గడ్డి పెంచుతున్నాడమ్మా మా మేస్త్రి,” అని వీధి వీధంతా నవ్వింది. అత్తయ్య మూడు రోజులు మాట్లాడలేదట. తర్వాత ఆవిడే అంచుల వెంబడి కనకాంబరాలు నాటుకుంది, అక్కడికి రాజీ. పైపులు మిల్లులో పక్కన పారేసినవి, మణికట్టంత లావువి. డాబా మీద తొట్టి, బావిలోంచి తొట్టిలోకి చేతిపంపు. నీళ్ళు చిమ్మే ఇత్తడి బుడ్లు మాత్రం బందరులో పోతపని చేసే ఖాజా సాహెబు గారు చేసిచ్చారు. ఆయన పెళ్ళిళ్ళకి పన్నీరు బుడ్లు చేసే మనిషి. మావయ్య గీసిన బొమ్మ అటు తిప్పి ఇటు తిప్పి, “ఇది పన్నీరు బుడ్డేనండీ మేస్త్రీ గారూ, కాకపోతే దీన్ని తలకిందులుగా పాతిపెట్టారు,” అన్నారట. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి నాలుగు బుడ్లూ చిమ్ముతూ ఉండేవి. వీధిలో పిల్లలంతా పుస్తకాల సంచులు అరుగు మీద పడేసి ఆ తుంపరలో గెంతేవాళ్ళు. అత్తయ్య అరుగు మీద కూర్చుని, “జలుబు చేస్తే మీ అమ్మలు నన్నంటార్రా,” అంటూనే ఒక్కళ్ళనీ పొమ్మనేది కాదు. తడిసిన మట్టీ, గరికా, అత్తయ్య పెడుతున్న పోపూ, మూడూ కలిసిన ఆ వాసన నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

మా బావి నీళ్ళు ఉప్పన. గరిక మొండిది కాబట్టి తట్టుకునేది, ఇనుము తట్టుకోదు. నీళ్ళు పారుతున్నంత కాలం ఫరవాలేదు. వాన పడి మంచు మొదలయ్యాక వాడకం ఆగితే, లోపల మిగిలిన ఉప్పునీళ్ళు పైపుని తినేస్తాయి. అందుకని ఏటా దసరా వెళ్ళాక మా ఇంట్లో పైపులు పడుకోబెట్టేవాళ్ళం. మావయ్య ఆ మాటే అనేవాడు. ముందు రోజు సాయంత్రం రెండు వైపులా మూతులు విప్పేవాడు. ఒకటి అరుగు పక్కన మల్లెపొద దగ్గర, ఇంకోటి ఇంటి పక్క సందులో మురుక్కాలవ దగ్గర. రాత్రంతా ఉప్పునీళ్ళు కారిపోవాలి. మర్నాడు పొద్దున్నే కావిడి మనిషి కాలవ నీళ్ళు తెస్తే, ఆ మంచినీళ్ళు లోపలికి పోసి కడగాలి. తర్వాత మావయ్య సైకిలు పంపుతో గాలి కొట్టాలి. నేను సందులో పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి, తడి తగిలితే “ఇంకా ఉంది!” అనీ, పొడిగాలి వస్తే “అయిపోయింది!” అనీ అరవాలి. చివర్న కాస్త ఆముదం పోసి, కొబ్బరిపీచు కుక్కి, చెక్క బిరడాలు కొట్టేసేవాడు. ఆ రోజుకి ఖాజా సాహెబు గారు కూడా బస్సులో దిగేవారు. బుడ్లు విప్పి, చింతపండుతో తోమి, మెత్తటి గుడ్డల్లో చుట్టి అత్తయ్యకి ఇచ్చేవారు. “బంగారం దాచినట్టు దాచు చెల్లెమ్మా,” అంటే, “బంగారం ఉంటే ఈ బుడ్లెందుకు అన్నయ్య గారూ,” అనేది అత్తయ్య. ఇద్దరూ ఏటా అదే మాట అనుకుని ఏటా నవ్వుకునేవారు.

నేనిప్పుడు చెబుతున్న ఏడు, శ్రావణంలో మావయ్య అత్తయ్యని బలవంతాన బందరు తీసుకువెళ్ళి ఒక లేడీ డాక్టరుకి చూపించాడు. నన్ను కూడా తోడు రమ్మన్నారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ, దాపరికం లేకుండా చెప్పింది. “గర్భసంచిలో గడ్డ ఉందమ్మా. అందుకే నిలవట్లేదు. ఇప్పుడైతే గడ్డ ఒక్కటే తీస్తాను, సంచి మిగుల్తుంది, ఆ పైన ఆశ ఉంటుంది. ముదరనిచ్చారంటే మొత్తం తీసెయ్యాల్సి వస్తుంది. ఎక్కువ కాలం ఆగొద్దు,” అంది. అత్తయ్యకి కత్తి అంటే పైప్రాణాలు పైనే పోయేవి. వాళ్ళ అక్క పురిటి ఆపరేషనులో పోయింది. బస్సులో గుడివాడ దాకా కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక దేవుడి గదిలో చాలాసేపు ఉండి, బయటికొచ్చి, “సరేనండీ. కార్తీకం వెళ్ళనివ్వండి, మార్గశిరంలో చేయించుకుంటాను,” అంది. మావయ్య మొహం అంత వెలగడం నేనప్పుడే చూశాను. ఖాజా సాహెబు గారి ఇల్లు ఆ ఆసుపత్రికి దగ్గరే. “పథ్యం కూడు మా ఇంట్లో వండిస్తాను చెల్లెమ్మా, కారం తగలకుండా. మా ఆవిడ చేతి జావ తాగితే నువ్వే ఇంకో వారం ఉంటానంటావు,” అన్నారు. అంతా కుదిరింది. ఒక్క ఆపరేషనే మిగిలింది.

వానలు ఆలస్యం కావడంతో ఆ ఏడు పైపుల పని దీపావళి దాటింది. నాగుల చవితి ముందు రోజు సాయంత్రం మావయ్య మల్లెపొద వైపు మూతి విప్పి, సందు వైపుది విప్పడానికి వెళ్ళాడు. నేను వసారాలో దీపం చిమ్నీ తుడుస్తున్నాను. అత్తయ్య మర్నాటి పూజకి పువ్వులు కోస్తోంది. ఉన్నట్టుండి, “అమ్మడూ!” అంది. అరుపు కాదు, గొంతులోంచి గాలి వచ్చినట్టు వచ్చింది. పరిగెత్తాను. పైపు మూతిలోకి మూరెడు తోక జారిపోతోంది. మెల్లిగా, తొందరేమీ లేనట్టు వెళ్ళిపోయింది. నేను గుమ్మం దాకా వెనక్కి గెంతాను. అత్తయ్య కదల్లేదు. పువ్వుల సజ్జ కింద పెట్టి, చెంపలు వేసుకుని, రెండు చేతులూ జోడించింది. ఏటా మోపిదేవి వెళ్ళి, తడిబట్టల్తో పుట్ట దగ్గర పడుకుని, పిల్లల్ని ఇవ్వమని సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి అడిగిన మనిషి ఆవిడ. చవితి ముందు రోజు, కత్తి కిందికి వెళ్ళబోయే ముందు, ఆ స్వామి తన గుమ్మంలోకి వచ్చాడని ఆవిడ అనుకోకపోతే ఇంకెవరనుకుంటారు? మావయ్య సందులోంచి గబగబా వస్తున్నాడు, ఏదో చెప్పబోయే మొహంతో. ఆయన్ని చూడగానే అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని, “ఏవండీ, స్వామి వచ్చాడండీ. నా కోసం వచ్చాడండీ,” అంది. మావయ్య ఆగాడు. చేతిలో ఉన్న పానా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. “ఏ పాము?” అన్నాడు. “పామేంటండీ, తప్పు. నాగేంద్రుడు,” అంది. ఆయన పానా అరుగు మీద పెట్టి, కావిడి మనిషికి మర్నాడు రావద్దని కబురు పంపాడు.

చవితి రోజు వీధిలో ఆడవాళ్ళు ఎవరూ పుట్టల దగ్గరికి వెళ్ళలేదు. మా ఇంటికే వచ్చారు. పైపు మూతికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, నూలు దండ వేశారు. చలిమిడీ చిమ్మిలీ ఆకులో పెట్టారు. గ్లాసులు గ్లాసులు పాలు ఆ పైపులో పోశారు. ఏటవాలు పైపు కాబట్టి ఎన్ని పోసినా పట్టేది. అది చూసి, “తాగుతున్నాడమ్మా, తాగుతున్నాడు,” అని గోల. గేదె లేని కొంప అని నవ్వినావిడే గేదె పాలు పట్టుకొచ్చింది. మిల్లుకి వెళ్ళాల్సిన మావయ్య ఆ గుంపుని తప్పించుకుని గోడవారగా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాడు. ఖాజా సాహెబు గారు ఎప్పటిలాగే పైపుల పనికని దిగారు. సంగతి విని బుడ్లు మాత్రం విప్పి, తోమి, చుట్టి ఇచ్చి, వెళ్ళబోతూ, “దేవుడొచ్చాడంటే సంతోషమే చెల్లెమ్మా. డాక్టరు దగ్గరికి కూడా రావాలి సుమా. దేవుడు పైన, డాక్టరు కింద,” అన్నారు. అత్తయ్య నవ్వి, “స్వామే ఇంటికొచ్చాక ఇంకా కత్తులెందుకు అన్నయ్య గారూ,” అంది. అలా అంటుందని, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చిన మావయ్య ఊహించలేదు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఆ రోజు నుంచి ఆవిడ మార్చలేదు.

మావయ్య చెప్పి చూడకపోలేదు. మార్గశిరంలో ఒకసారి, సంక్రాంతి వెళ్ళాక ఒకసారి గట్టిగానే చెప్పాడు. “సీతా, నీ స్వామిని నేను వద్దన్నానా? పూజలు చేసుకో. బందరు వచ్చి ఆ గడ్డ తీయించుకో. రెండూ చెయ్యి,” అన్నాడు. “నమ్మకం లేనట్టు అవుతుందండీ. ఒక చెయ్యి దణ్ణం పెట్టి, ఇంకో చెయ్యి కత్తికి చాపితే ఆయన ఊరుకుంటాడా,” అనేది. తర్వాత మావయ్య మిల్లు నుంచి వచ్చి ఆ పైపు పక్కనే మెట్టు మీద చాలాసేపు కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉప్పునీళ్ళు లోపల పైపుని తింటున్నాయని బాధపడుతున్నాడనే నేననుకున్నాను. “మావయ్యా, ఓ మూల నుంచి మెల్లిగా కడిగేద్దామా?” అంటే, “పైపులు పోతే పోనీ అమ్మాయ్,” అన్నాడు.

అత్తయ్య అంత సంతోషంగా ఉన్న చలికాలం అంతకుముందు లేదట. చూసినవాళ్ళందరూ అన్నారు, నేనూ చూశాను. పొద్దున్నే మంచులో తలస్నానం చేసి, గరిక మీద నడిచి వెళ్ళి, పైపులో గరిటెడు పాలు పోసి, లోపలికి వంగి ఏదో చెప్పుకుని వచ్చేది. పాత చీరలన్నీ దించి, మెత్తనివి ఏరి, పసిపిల్ల బొంత కుట్టింది. ఎర్ర అంచు ఒక పక్క, నీలం అంచు ఒక పక్క. కుడుతూ పాడేది. ఆవిడ పాడగలదని అప్పటిదాకా నాకు తెలియదు. బారసాల పిలుపులకి తనే ముందు తయారై కూర్చునేది. విరిగిన పాల వాసన, బారులు తీరిన చీమలు, పసుపు కరిగి పచ్చబడ్డ గరిక, ఇవన్నీ ఆవిడకి ఇంటికి వచ్చిన కళలాగే కనిపించాయి. ఆవిడ తెల్లబడిపోతోందని మాత్రం ఎవరూ చూడలేదు. నెలనెలా రక్తం ఎక్కువ పోతోందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నాతో ఒక గదిలో పడుకునే మనిషి, నాకూ చెప్పలేదు. గుడ్డలు చీకటితోనే తనే ఉతుక్కునేది. స్వామి పరీక్ష పెడుతున్నాడనుకుంది.

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరినా పైపులు విప్పలేదు. గరిక ముందు పసుపు పచ్చబడింది, తర్వాత చీపురులా అయిపోయింది. వీధి పిల్లలు రెండు మూడు సాయంత్రాలు వచ్చి చూసి మానుకున్నారు. ఒక రోజు పొద్దున అత్తయ్య బావి దగ్గర బిందె ఎత్తబోయి అలాగే కూలిపోయింది. మిల్లు వాళ్ళ కారులో బందరు తీసుకువెళ్ళాం. ఆ డాక్టరమ్మే చూసింది. బయటికి వచ్చి, “అప్పుడే వచ్చి ఉంటే...” అని మొదలుపెట్టి, మావయ్య మొహం చూసి ఆపేసింది. గర్భసంచి తీసేశారు. ప్రాణం దక్కింది. ఖాజా సాహెబు గారు మాట ఇచ్చినట్టే ఆయన భార్య రోజూ జావ కాచి తెచ్చింది. అత్తయ్యకి సంగతి తెలిసిన రోజున ఆవిడే మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అత్తయ్య ఏడవలేదు. “నేనేం తప్పు చేశానో వదిన గారూ, ఇంటికొచ్చి కూడా ఇవ్వకుండా వెళ్ళాడు,” అంది. అత్తయ్య తన నమ్మకంలోనే తప్పు వెతుక్కుంటోంది. పాలల్లో నీళ్ళు కలిశాయేమో, అంటుముట్టు ఏదైనా తగిలిందేమో అని గుర్తు చేసుకునేది. ఆ మాటలు వింటూ మావయ్య వరండాలో స్తంభానికి ఆనుకుని నుంచునేవాడు.

ఇప్పుడు మా మేనకోడలు తన కడుపులో ఏముందో డాక్టరు దగ్గర స్కానింగు తెర మీద చూసుకుంటుంది. చూసింది చూసినట్టు ఫోనులో నాకు చెబుతుంది. మొగుడు ఏదైనా దాస్తే ఆ సాయంత్రానికే పట్టేస్తుంది, అరుస్తుంది, అన్నం తినేస్తుంది. మొదట్లో నాకు ఎబ్బెట్టుగా ఉండేది, ఇప్పుడు ముచ్చటగా ఉంటుంది. మా ఇళ్ళల్లో మర్యాదలు ఎక్కువ. ఒకరి మనసు నొప్పిస్తుందంటే నిజాన్ని గుమ్మంలోనే నిలబెట్టేసేవాళ్ళం. అందులో ప్రేమ ఉండేది, కాదనను. గుడివాడ ఇంట్లో ఉన్నంత ప్రేమ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కానీ ఆ ప్రేమ వల్ల జరిగింది కూడా మర్చిపోలేను. ఇంతకాలం తర్వాత కూడా నాకు మావయ్య మీద కోపమే. ఆయన పోయినప్పుడు నేను తండ్రి పోయినట్టు ఏడ్చాను, ఏడుస్తూ కూడా కోపంగానే ఉన్నాను.

ఆ కోపం ఎందుకో చెప్పాలి. ఆపరేషను అయిన ఏడే మళ్ళీ దసరా వెళ్ళింది. ఇల్లు గలవాళ్ళందరికీ మునిసిపాలిటీ కుళాయిలు వస్తున్నాయని, ముందు జాగా తవ్వాలని అన్నారు. ఎలాగూ చచ్చిన పైపులే కదా అని ఒక ఆదివారం మధ్యాహ్నం మావయ్య తనే గునపం పట్టుకుని వాటిని బయటికి తీశాడు. అత్తయ్య వసారాలో దిండుకి ఆనుకుని కూర్చుని చూస్తోంది. అప్పటికి లేచి తిరుగుతోంది, మాటలు తగ్గించింది. నేను మట్టి దులుపుతున్నాను. మల్లెపొద వైపు పైపు చేతిలోకి తీసుకోగానే బిస్కట్టులా విరిగింది. లోపలంతా ఎర్రటి తుప్పు పెచ్చులు, వాటికి అంటుకుని ఎండిన పాల తెట్టె. “మిగిలిన ముక్క నిలువునా కొయ్యండి ఒకసారి,” అంది అత్తయ్య. “లోపల కుబుసమైనా ఉంటుందేమో చూడండి. ఉంటే కళ్ళకద్దుకుని కాలవలో కలిపేస్తాను.”

మావయ్య రంపం తీసుకున్నాడు. పైపు మీద పెట్టాడు. కొయ్యలేదు. “ఏమీ ఉండదు సీతా,” అన్నాడు.

“కోస్తే కదా తెలిసేది.”

“అది ఉత్త నీరుకట్టె పాము. కప్పల కోసం వచ్చింది. నువ్వు చూసిన ఆ సాయంత్రమే, నేను సందులో మూతి విప్పగానే బయటికొచ్చి, నా కాలి పక్క నుంచే మురుక్కాలవలోకి పోయింది.”

అత్తయ్య దిండు వదిలి నిటారుగా కూర్చుంది. “మీరు చూశారా?”

“చూశాను. నీకు చెబుదామనే వచ్చాను. నువ్వు దణ్ణం పెడుతూ నుంచున్నావు. ఇన్నేళ్ళలో నీ మొహం అట్లా నేనెప్పుడూ చూళ్ళేదు. నోరు రాలేదు. చవితి వెళ్ళాక చెబుదామనుకున్నాను. చవితి వెళ్ళాక నువ్వు బొంత మొదలుపెట్టావు.” మట్టి చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

అత్తయ్య అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ విరిగిన పైపు కేసి చూస్తూ, ధర అడిగినంత మామూలుగా అంది. “ఆ రోజే చెప్పి ఉంటే ఏడ్చేదాన్నండీ. మీ మీద కోపం కూడా వచ్చేది. నాలుగు రోజులు ఏడ్చి, ఐదో రోజు మీ వెనకాలే బందరు బస్సెక్కేదాన్ని.”

స్తంభం పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. పీటలు వాల్చిన చప్పుడు, కంచాలు పెట్టిన చప్పుడు వినిపించాయి. “అన్నానికి రండి,” అని పిలిచింది. మావయ్య ఆ మట్టిలోనే కూర్చుండిపోయాడు. ఆవిడ రెండోసారి పిలవలేదు.